మేనత్తల సలహాలు

కథ ఎలా రాయాలో చెప్పేవాళ్ళకు మన దేశంలో ఎప్పుడూ కరువు లేదు. పెళ్ళిసంబంధాల గురించీ, పసిపిల్లల జలుబు గురించీ, కథారచన గురించీ అడిగినా అడక్కపోయినా ప్రతివారూ తలో మాటా చెబుతారు. జలుబు సంగతిలో ఒక సుఖం ఉంది. మందు వేసినా వెయ్యకపోయినా వారానికి అదే తగ్గుతుంది. కథ అలా కాదు. సలహా వికటిస్తే కథ పోతుంది. ఒక్కొక్కప్పుడు కథతోబాటు, రాసే మనిషి కూడా ఆ పని మానేస్తుంది. ఇదేదో ఊరికే అంటున్న మాట కాదు. ఆ పాపం కొంత నాకూ అంటింది. అందుకే ఈ నాలుగు మాటలూ.

మా అన్నయ్య కూతురు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. ఐదేళ్ళ పిల్ల, అత్తగారు, మామగారు, ఆఫీసు - ఇవన్నీ పోగా మిగిలిన వేళలో, అంటే రాత్రి పదకొండు దాటాక, మూడేళ్ళ క్రితం ఒక కథ రాసింది. పదకొండు పేజీలు. మొదటి కథ. ఇంట్లోవాళ్ళు చూస్తే నవ్వుతారేమోనని భయపడి నాకు పంపించింది. నేను ఒకప్పుడు పత్రికల్లో ఏడెనిమిది కథలు అచ్చయినదాన్ని గదా! దాని దృష్టిలో నేను పెద్ద రచయిత్రిని.

ఆ పదకొండు పేజీలూ ఒక మధ్యాహ్నం, స్టవ్ మీద కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ చదివేశాను. చదివి జవాబు రాశాను. దాని కాపీ నా దగ్గర లేదు గానీ, ఏం రాశానో సిగ్గుపడేటంత బాగా గుర్తుంది. జీవితాన్ని లోతుగా పరిశీలించమన్నాను. మంచి కథలు వంద చదివి అప్పుడు ఒకటి రాయమన్నాను. చెప్పకు, చూపించు అన్నాను. నీకు బాగా తెలిసినదే రాయమన్నాను. ముగింపులో కొసమెరుపు ఉండాలన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. దాని కథలో మనుషుల పేర్లు గానీ, అందులో జరిగిన సంగతి గానీ నా ఉత్తరంలో ఎక్కడా లేవు. ఆ ఉత్తరాన్ని ఈ దేశంలో ఏ అమ్మాయికి పోస్టు చేసినా సరిపోతుంది.

ఆ తరవాత అది మళ్ళీ కథ పంపలేదు. తీరిక లేదు కాబోలు అనుకున్నాను. మొన్న ఉగాదికి ఫోను చేసి, పచ్చడి కుశలాలన్నీ అయ్యాక, "అత్తా, కథ రాయడం నేర్పే మంచి పుస్తకం ఏదన్నా ఉంటే చెబుదూ" అంది. మాట మామూలుగానే అంది. నాకు మాత్రం చురుక్కుమంది. మూడేళ్ళ క్రితం అడిగింది నన్ను. నా మాట పనికిరాలేదు గనకే ఇప్పుడు పుస్తకాన్ని అడుగుతోంది.

సరే, చూసి చెబుతానన్నాను. చూడ్డం మొదలుపెట్టాను. దాదాపు నెల్లాళ్ళు మా ఇంట్లో మంచంమీద పుస్తకాలూ, కింద పుస్తకాలూను. వాటిల్లో ఏది పనికొస్తుందో, ఏది పైకి ఘనంగా వినిపించి లోపల డొల్లో తేల్చుకుందామని కూర్చున్నాను. ఇది ఆ తీర్పు.

మొదట చెప్పుకోవలసింది, అందరినోటా నానే సూక్తుల సంగతి. ఇవి ఎంత పాతబడితే అంత నునుపెక్కుతాయి. నునుపెక్కిన కొద్దీ చేతికి చిక్కవు. 'చెప్పకు, చూపించు' అనేదాన్నే తీసుకోండి. దీనికి తోడుగా చెహోవ్ పేరు చెప్పి, వెన్నెల కాస్తోందని రాయవద్దనీ, పగిలిన గాజుమీద దాని తళుకు చూపమనీ ఆయన అన్నట్టు ఒక వాక్యం ప్రచారంలో ఉంది. ఆ రూపంలో ఆ వాక్యం చెహోవ్ ఎక్కడా రాయలేదు. ఆయన రాసింది 1886 మే నెలలో, తన సొంత అన్న అలెగ్జాండర్‌కి ఒక ఉత్తరం. ఆ అన్నా కథలు రాసేవాడే. ప్రకృతి వర్ణనల్లో అరిగిపోయిన మాటలు గుప్పించవద్దనీ, చిన్నచిన్న వివరాలు పట్టుకొమ్మనీ చెబుతూ, మిల్లు కట్టమీద సీసాపెంకు ఒకటి చుక్కలా మెరవడం, ఒక కుక్కో తోడేలో నల్లటి నీడలా దొర్లుకుంటూ పోవడం - ఇలా రాస్తే వెన్నెలరాత్రి దానంతటదే కళ్ళకు కడుతుందన్నాడు. చూశారా తేడా? ఉత్తరంలో కట్ట ఉంది, పెంకు ఉంది, కుక్క ఉంది. అన్నిటికంటే ముందు ఎదురుగా ఒక అన్న ఉన్నాడు, అతనికున్న ఒక జబ్బు ఉంది. సూక్తి అయ్యేసరికి అన్న పోయాడు, కుక్క పోయింది, ఆజ్ఞ మిగిలింది.

పైగా ఆ ఆజ్ఞ అన్ని కథలకూ చెల్లుతుందా అంటే చెల్లదు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా 'చందమామ' నడిపారు. అందులో కథలు హాయిగా చెప్పేవి. ఫలానా ఊళ్ళో ఫలానావాడు ఉన్నాడు, వాడు పిసినారి అని మొదటి వాక్యంలోనే చెప్పేసేవి. పిసినారితనాన్ని చూపించడానికి రెండు పేజీలు తీసుకుంటే కథ ఎప్పుడు నడుస్తుంది? మనం పిల్లలప్పుడు ఆ కథలు చదివి పెరిగినవాళ్ళమే. ఏది చెప్పాలి, ఏది చూపించాలి అన్నదే అసలు ప్రశ్న. సూక్తి ఆ ప్రశ్నని తప్పించుకుంటుంది.

గోడమీద తుపాకీ సంగతీ అంతే. తెరమీద తుపాకీ కనిపిస్తే అది పేలి తీరాలని చెహోవ్ అన్నది నాటకాల గురించి, 1889 ప్రాంతాల్లో. రెండుగంటల్లో ముగిసే నాటకంలో అది నిజమే కావచ్చు. మా ఇంట్లో గోడమీద మా మామగారి చేతికర్ర ఇరవై ఏళ్ళుగా వేలాడుతోంది. అది ఎవర్నీ కొట్టలేదు. కాని అది లేకపోతే ఆ గోడ మా ఇంటి గోడ కాదు. కుటుంబ కథల్లో పేలని తుపాకీలు చాలా ఉంటాయి. వాటిని తీసెయ్యమంటే ఇల్లు ఖాళీ అయిపోతుంది.

ఇక 'నీ ముద్దుబిడ్డల్ని చంపుకో' అనే సలహా. వినగానే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇది ఫాక్నర్ అన్నాడని చాలామంది రాస్తారు. అంతకు చాలా ముందే, 1914 ప్రాంతంలో, క్వీలర్ కౌచ్ అనే ఆచార్యుడు కేంబ్రిడ్జిలో పాఠాలు చెబుతూ అన్న మాట అది. శైలిమీద మోజుతో అతికించిన నగల్ని తీసెయ్యమని ఆయన భావం. నగలు ఎక్కువైన పెళ్ళికూతురికి చెప్పవలసిన మాట. మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేని పిల్లకి చెబితే ఆ తాడు కూడా తీసేస్తుంది. మా మేనకోడలికి నేను 'రాసింది నిర్దాక్షిణ్యంగా కొట్టెయ్యి' అని చెప్పినప్పుడు ఆ పని చేశానని ఇప్పుడనిపిస్తోంది.

ఇంగ్లీషు పుస్తకాలు చాలా తిరగేశాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కొన్ని మహా సరదాగా ఉన్నాయి. స్టీఫెన్ కింగ్ 2000లో రాసిన పుస్తకం నవల చదివినట్టు చదివించింది. తను పడ్డ కష్టాలు, తన భార్య చెత్తబుట్టలోంచి మొదటి నవల కాగితాలు ఏరి మళ్ళీ చేతికిచ్చిన వైనం చెబుతుంటే కళ్ళు చెమర్చాయి. కాని క్రియావిశేషణాల మీద ఆయనకున్న కోపాన్ని మనం అరువు తెచ్చుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. మన భాషలో గబగబా, చకచకా, బిక్కుబిక్కుమంటూ, గుట్టుచప్పుడు కాకుండా, ముక్తసరిగా - ఇవన్నీ తీసేస్తే మిగిలేదేమిటి? 'ఆమె గబగబా మెట్లు దిగింది' అన్నదాంట్లో గబగబా కొట్టేసి 'మెట్లు దిగింది' అంటే లిఫ్టు పాడైంది కాబోలనుకుంటారు. 

అసలు మనకు అక్కరైన సలహా ఒకటుంది. అది ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకదు, దొరకడానికి వీల్లేదు. ఇంగ్లీషులో ఆడమనిషికి 'షి', మగవాడికి 'హి'. అంతటితో సరి. కూలిపని చేసే మనిషైనా కోటలో రాణి అయినా అదే మాట. మనకలా కాదు. కథలో మొదటి వాక్యం రాసేముందే తేల్చుకోవాలి - అది అనాలా, ఆమె అనాలా, ఆవిడ అనాలా? వాడా, అతనా, ఆయనా? ఈ ఒక్క మాటతో చెబుతున్న మనిషి ఎవరో, ఎక్కడ నిలబడి చూస్తోందో, ఎవరిని గౌరవిస్తోందో, ఎవరిని లోపల చిన్నచూపు చూస్తోందో అన్నీ బయటపడిపోతాయి. 'ఆయన అన్నారు' అంటే కోడలు చెబుతున్న కథ. 'అతను అన్నాడు' అంటే ఊరికే రచయిత చెబుతున్న కథ. 'వాడన్నాడు' అంటే తల్లో అక్కో, లేదా బాగా కోపం వచ్చిన మనిషో. భర్తని ఏమనాలన్న దగ్గర తడబడి, ఒక పేజీలో ఆయన అనీ ఇంకో పేజీలో పేరుపెట్టీ రాసిన కథలు ఎన్ని చదవలేదు మనం? పనిమనిషిని కథ పొడుగునా 'అది' అని రాసి, చివర ఆమె ఔన్నత్యాన్ని గురించి రెండు పేరాలు గుప్పించిన కథలు ఎన్ని చదవలేదు? ఆ రెండు పేరాలూ ఎవరు నమ్ముతారు? కథ రాసే తెలుగు అమ్మాయికి నిజంగా పనికొచ్చే మొదటి పాఠం ఇది. ఇది అర్థమయ్యాక మిగతా సూత్రాలు సగం అక్కర్లేదు.

తెలుగులో పుస్తకాలు లేవనను. వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి 'కథాశిల్పం' ఉంది, 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. నికరమైన పుస్తకం. కాని అది వంట వచ్చినవాళ్ళు చదవవలసిన వంటల పుస్తకం అని నా అభిప్రాయం. పది కథలు రాశాక చదివితే, ఓహో, నేను చేస్తున్నదాని పేరు ఇదన్నమాట అనిపిస్తుంది. ఒక్కటీ రాయకుండా చదివితే జంకు పుడుతుంది. కాళీపట్నం రామారావుగారి 'కథా కథనం' కొత్తగా రాసేవాళ్ళను కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. ఆయన బడిపంతులు కదా, ఎదుటివాళ్ళకు ఎక్కడ తెలియదో ఆ చోటు పట్టుకుంటారు. 1964లో 'యజ్ఞం' లాంటి పెద్ద కథ రాసి, 1997లో శ్రీకాకుళంలో ఊళ్ళవెంట తిరిగి పోగుచేసిన తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు కట్టిన మనిషి. 2021లో పోయారు. మా మేనకోడలికి ఒక్క పుస్తకమే పంపాలంటే ఇదే పంపుతాననుకున్నాను. పంపాను కూడా.

కాని అప్పటికే ఇంకొక సంగతి నన్ను పట్టుకుంది. అది పుస్తకం కాదు. ఉత్తరాలు.

జేన్ ఆస్టెన్ అంటే మనలో బి.ఏ. చదివినవాళ్ళకు తెలుసు. ఆవిడ నవలల్లో పెళ్ళిళ్ళు, సంబంధాలు, ఆస్తిపాస్తులు, పక్కింటివాళ్ళ ఆరాలు తప్ప ఇంకేం లేవని తీసిపారేసినవాళ్ళూ ఉన్నారు. (మన రచయిత్రుల్ని వంటింటి సాహిత్యం అని తీసిపారేసినట్టే.) ఆవిడకి పెళ్ళి కాలేదు. అన్నదమ్ముల పిల్లలు బోలెడుమంది. వాళ్ళలో పెద్దన్నగారి కూతురు ఆనా, ఇరవయ్యొక్కేళ్ళది, 1814లో ఒక నవల రాయడం మొదలుపెట్టి, రాసినంతవరకు విడతలు విడతలుగా మేనత్తకు పంపించేది. అప్పటికి ఆ మేనత్తకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మూడు నవలలు అచ్చయి, నాలుగోదైన 'ఎమ్మా' రాస్తోంది. ఆ పని ఆపి, ఇంట్లో తల్లికీ అక్కకీ ఆ పిల్ల రాతప్రతి పైకి చదివి వినిపించి, ముగ్గురి అభిప్రాయాలూ కలిపి జవాబులు రాసింది.

ఏం రాసిందనుకున్నారు? జీవితాన్ని లోతుగా పరిశీలించమనా? ఒక్క మాట లేదు. లైమ్ అనే ఊరు నువ్వు రాసిన చోటికి నలభై మైళ్ళుంటుంది, అంతదూరం ఊరి ముచ్చట్లు ఇక్కడ చెప్పుకోరు, దగ్గర్లో ఉన్న ఇంకో ఊరి పేరు వేశానంది. పల్లెటూరి వైద్యుణ్ణి ప్రభువులకు పరిచయం చెయ్యడం ఆ రోజుల్లో మర్యాద కాదు, కొట్టేశానంది. మొన్న జోరున వాన కురిసింది గదా, ఆరోగ్యం అంతంత మాత్రమైన ఆ అమ్మాయిని బురదలో అంతదూరం నడవడానికి కన్నతల్లి ఎలా పంపుతుందని అడిగింది. ఈ ప్రశ్న ఎవరు వేస్తారు చెప్పండి? ఆచార్యుడు వెయ్యడు. ఇంట్లో పిల్లల తడి తలలు తుడిచిన మనిషి వేస్తుంది. ఆ ప్రశ్న వానగురించి కానే కాదు. నీ కథలో ఆ తల్లి పిల్లని ప్రాణంగా చూసుకునే తల్లి అని చెప్పావు, ఇక్కడ ఆ తల్లి ఏమైపోయింది అని.

అన్నిటికంటే నాకు నచ్చింది చెయ్యి విరిగిన పెద్దమనిషి సంగతి. ఆ నవలలో ఒకాయన చెయ్యి విరిగిన మర్నాడే మిగతా మగవాళ్ళతో గుర్రపుశాలదాకా షికారు వెళ్తాడు. జేన్ దాన్ని కొట్టేసింది. కొట్టేసి, మీ నాన్న చెయ్యి కట్టించుకున్న వెంటనే బయటికి నడిచివెళ్ళిన మాట నిజమే, నేనూ విన్నాను, అయినా అలా జరగడం అరుదు, పుస్తకంలో చదివితే నిజమనిపించదు అని రాసింది. కథలు రాసే ఆడవాళ్ళందరూ ఈ సంగతి ఫ్రేము కట్టించుకోవచ్చు. 'ఇది నిజంగా జరిగిందండీ!' అనేది మనందరి బ్రహ్మాస్త్రం. సంపాదకుడు కథ తిప్పిపంపితే మనకు వచ్చే మొదటి కోపం అదే. మా పక్కింట్లో జరిగింది, నా కళ్ళతో చూశాను, దాన్నే అసహజం అంటారా అని. జరిగింది గనక కథలో నప్పుతుందని హామీ ఏమీ లేదు. సొంత అన్నగారి చేతి విషయంలోనే ఆవిడ ఆ మాట అనగలిగింది.

ఒకచోట ఒక పాత్ర చెడు తిరుగుళ్ళు తిరుగుతాడు. దాన్ని ఆనా, మనం 'వ్యసనాల సుడిగుండంలో చిక్కుకున్నాడు' అంటామే, సరిగ్గా అలాంటి మాటతో రాసింది. మేనత్త ఎగతాళి పట్టించింది. వాడు చెడిపోవడం గురించి నాకేం అభ్యంతరం లేదు, ఆ మాట మాత్రం భరించలేను, ఆదిమానవుడు తెరిచిన మొట్టమొదటి నవలలో కూడా అదే ఉండి ఉంటుందనే ధోరణిలో రాసింది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ సుడిగుండం ఇంకా తిరుగుతూనే ఉంది. మన సీరియల్ నవలల్లో నేనే ఓ రెండుసార్లు అందులో కాలుజారాను.

ఇంకో మాట. పాత్రలు ఐర్లండు వెళ్తే వెళ్ళనీ, నువ్వు మాత్రం వాళ్ళ వెంట వెళ్ళకు, అక్కడి పద్ధతులు నీకు తెలియవు అంది. మూడు నాలుగు కుటుంబాలు, ఒక పల్లెటూరు ఉంటే పని చెయ్యడానికి చాలునని సంబరపడింది. 'తెలిసిందే రాయి' అనే సూక్తికీ దీనికీ ఎంత దూరం! సూక్తి తలుపు మూసేస్తుంది. ఈవిడ తలుపు మూయలేదు. కథలో వాళ్ళని ఊరు దాటిపోనిచ్చింది. రాసే మనిషి గడపలో నిలబడి ఏం చూడగలదో అది చూడమంది. అబ్బూరి ఛాయాదేవిగారి 'బోన్‌సాయ్ బ్రతుకు' చదివినవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. రెండు మొక్కల కుండీలు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఇంటి గడప దాటకుండా ఎంత దూరం వెళ్ళొచ్చారు ఆవిడ!

మరి ఇంత గొప్ప మేనత్త ఎప్పుడూ తప్పు చెప్పలేదా అంటే, చెప్పింది. ఆనాకు కెరొలిన్ అని సవతి చెల్లెలుంది. ఆ పిల్లా చిన్నతనంలోనే కథలు రాసి అత్తకు చూపించేది. పదహారేళ్ళు వచ్చేదాకా రాయడం ఆపి, చదువుకోమని అత్త సలహా ఇచ్చిందనీ, తనుకూడా ఆ వయసులో తక్కువ రాసి ఎక్కువ చదివి ఉంటే బాగుండేదని అందనీ కెరొలిన్ పెద్దయ్యాక రాసుకుంది. వినడానికి ఎంత బుద్ధిగా ఉందో! కాని ఈ మాట అన్న మనిషి పధ్నాలుగో ఏట, 1790లో, నవ్వి నవ్వి పొట్ట చెక్కలయ్యే ఒక అల్లరి నవలిక రాసి కూర్చుంది. ఆ అల్లరే లేకపోతే పెద్దయ్యాక ఆ నవలలు ఎక్కణ్ణించి వచ్చేవి? కాగితం ఎదురుగా పెట్టుకున్నంతసేపూ ఒక్క మాట తప్పులేకుండా చెప్పిన మనిషి, కాగితం పక్కన పెట్టి బతుకంతటికీ సలహా చెప్పబోయేసరికి మనందరిలా అయిపోయింది. నేను మా మేనకోడలికి రాసిన ఉత్తరం ఈ రెండో రకం. వంద చదివి ఒకటి రాయమన్నాను గదా.

అన్నట్టు, ఆనా నవల ఏమైందో కూడా చెప్పాలి. ఆ ఏడాది నవంబరులోనే ఆమె పెళ్ళయింది. తరవాత పిల్లలు, ఏడుగురు. 1817లో మేనత్త పోయింది. నవల ముగియలేదు. కొన్నేళ్ళకు ఆనా దాన్ని తీసి నిప్పులో వేస్తుంటే పక్కన కూర్చుని చూసిన జ్ఞాపకాన్ని ఆమె కూతురు రాసిపెట్టింది. ప్రపంచంలో ఏ కొత్త రచయిత్రికీ దొరకనంత మంచి సలహాదారు దొరికిన పిల్ల రాతప్రతి అలా పోయింది. 1829లో భర్తా పోయాక, పిల్లల పుస్తకాలు రెండు చిన్నవి అచ్చువేయించుకుంది, అంతే. వర్జీనియా వుల్ఫ్ 1929లో, స్త్రీ కథలు రాయాలంటే ఏటా అయిదువందల పౌన్ల రాబడీ, గడియ వేసుకోడానికి తనదంటూ ఒక గదీ ఉండాలని వాదించింది. సలహాలన్నిటిలోనూ నిజమైన సలహా బహుశా ఇదే. చిక్కల్లా ఆ గది ఎవరు కట్టిస్తారన్నదే. జేన్‌కీ ఆ గది లేదు. అందరూ వచ్చిపోయే హాల్లో రాసుకునేది, ఎవరన్నా వస్తే కిర్రుమనే తలుపుకి నూనె వెయ్యనిచ్చేది కాదని మేనల్లుడు రాశాడు. ఆ చప్పుడుకి కాగితాలు దాచుకోడానికి వ్యవధి దొరికేదట.

మా మేనకోడలికి తలుపు కూడా లేదు. ఫోనులో వెలుతురు తగ్గించుకుని, నిద్రపోతున్న పిల్ల పక్కన రాస్తుంది.

నాకు సాయం చేసిన సలహా ఏదని వెనక్కి చూసుకున్నాను. 1981లో నేను పంపిన కథ ఒకటి ఒక వారపత్రికనుంచి తిరిగొచ్చింది, స్టాంపులు అంటించి నేను పెట్టిన కవర్లోనే. సంపాదకుల అచ్చుచీటీ ఒకటి, మీ రచన ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నామని. దాంతోబాటు మూడో పేజీ అంచున ఎవరో పెన్సిలుతో సన్నగా ఒక మాట రాశారు. మొదటి పేజీలో అత్తగారు ఏకాదశి ఉపవాసం అన్నారు, ఇక్కడ భోజనానికి లేచారు అని. ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి సిగ్గుతో నిద్రపట్టలేదు గానీ, తెల్లారి కూర్చుని ఆ కథంతా తిరగరాశాను. ఎందుకంటే, ఎవరో ఒకరు నా అత్తగారిని నిజం మనిషిలా, ఉపవాసం గుర్తుపెట్టుకుని మరీ చదివారు. తిరగరాసిన కథ మరోచోట అచ్చయింది. ఆ సంగతి తెలిసినదాన్ని, నా వంతు వచ్చినప్పుడు మాత్రం కుక్కరు కూతలు లెక్కపెట్టుకున్నాను.

అందుకని మొన్న ఆదివారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దేసి, ఆ పదకొండు పేజీలు వెతికి తీసి, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. కథ పెద్దదేం కాదు. ఒక కోడలు. పుట్టింటివాళ్ళ పొలం అమ్మిన డబ్బులో తన వాటా, భర్త తనతో ఒక్క మాట చెప్పకుండా వాడేసుకున్నాడని తెలిసిన రాత్రి, ఆ మర్నాటి ఉదయం. అంతే. మూడేళ్ళ క్రితం నాకు ఇందులో 'సంఘటనలు లేవు' అనిపించిన గుర్తు.

రెండో పేజీలోనే తగిలింది. ఆ కోడలు రాత్రి పదింటికి మినప్పప్పు నానబోస్తుంది. పొద్దున్న ఆరింటికి అందరికీ దోసెలు వేస్తుంది. రుబ్బింది ఎప్పుడు, పులిసింది ఎప్పుడు? పెన్సిలుతో గుర్తుపెట్టాను. ఐదో పేజీలో మామగారు పేపరు చదువుతూ ఉంటారు, ఆరు కొట్టకముందే వచ్చిందంటే మా వీధి కుర్రాణ్ణి వాళ్ళకి అప్పగించెయ్యాలి. ఏడో పేజీలో ఆగిపోయాను. కథ మొదలైనప్పటినుంచీ భర్త 'ఆయన'. ఆయన వచ్చారు, ఆయన తిన్నారు. డబ్బు సంగతి తెలిసేదాకా అదే. ఏడో పేజీలో, తెలిసిన తరవాత వచ్చే మొదటి వాక్యంలో, అతను అటు తిరిగి పడుకున్నాడు అని ఉంది. అక్కణ్ణించి కథ చివరిదాకా అతనే. ఏడవలేదు, నిలదీయలేదు, దాని గురించి ఒక్క మాట కూడా వ్యాఖ్యానించలేదు. ఆయన అతనయ్యాడు, అంతే. ఇంత మంచి చోటుని చూడకుండా, కొసమెరుపు ఏదీ అని అడిగాను నేను.

సాయంత్రం ఫోను చేశాను. "ఏడో పేజీలో ఆయన్ని అతను చేశావే, కావాలని చేశావా?" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "నేను చూసుకోనే లేదు అత్తా. పొరపాటు పడ్డట్టున్నాను. దిద్దెయ్యనా?"

"దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోను. మార్చాల్సింది దోసెలు."

"దోసెలేం చేశాయి?"

చెప్పాను. ముందు నవ్వింది. తరవాత పౌరుషం వచ్చింది. "ఆ రోజు మా ఇంట్లో నిజంగా దోసెలే వేశాను, మా అత్తగారు ముందురోజు పిండి..." అని, సగంలో ఆగిపోయింది. నేను కూడా ఏం అనలేదు. ఆ రోజేమిటో, ఎవరి ఇల్లో, అప్పుడే నాకూ అర్థమైంది.

కాసేపటికి తనే, "ఉప్మా చేయించనా?" అంది.

"చేయించు" అన్నాను.